వరహాలు పలక

మేనేజరు స్టూలెక్కి ఉపన్యాసం దంచుతున్నాడు. వర్క్‌షాపు జనమంతా నోళ్లు తెరుచుకుని వింటున్నారు. కొండలరావు కళ్లు మాత్రం పక్కన కూర్చున్న వరహాలు చేతిలోని పలక మీదే ఉన్నాయి.

ఓసారి తలెత్తి చూస్తే మేనేజరు వేలితో తన చెవి చూపిస్తున్నాడు. మళ్లీ రెండు చెవులూ మూసి చూపించాడు. కొండలరావు వరహాలు మోచెయ్యి పట్టి లాగాడు.

"నా గురించేనా బావా?" అన్నాడు.

వరహాలు బలపం తీశాడు. 'సెవుల్లో దూది ఎట్టుకుని పని సెయ్యమంటన్నారు. అంతే. నీకేటీ భయం లేదు బావా, నానున్నాను.'

హమ్మయ్య అనుకున్నాడు కొండలరావు.

పోర్టు పక్కన పాత ఓడలు బాగుచేసే వర్క్‌షాపు అది. స్టీల్ ప్లాంటు ఇంకా పునాదుల్లోనే ఉన్న రోజులు. ఓడ రేకుకి లోపల ఒకడు, బయట ఒకడు నిలబడి రివిట్లు బిగించాలి. లోపల కొండలరావు, బయట వరహాలు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కొత్తలో కొండలరావుకి ఈ ఊళ్లో నా అన్నవాడు లేడు. వరహాలే కంచరపాలెంలో ఇల్లు చూసిపెట్టాడు. బావా అని నోరారా పిలిచాడు.

ఏళ్ల తరబడి ఆ మోతలో పడి కొండలరావు చెవులు పూర్తిగా పోయాయి. పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇద్దరు ఆడపిల్లలు, అక్షరమ్ముక్క రాని పెళ్లాం తాయారు. వాళ్ల నోట్లోకి నాలుగు వేళ్లు వెళ్తున్నాయంటే ఆ సుత్తి చలవే. అందుకే తోటివాళ్లంతా గుట్టు కాపాడారు. అదేమంత కష్టం కాలేదు కూడా. అసలా మోతలో ఎవడి మాట ఎవడికి వినబడి చచ్చింది గనక! పనంతా సైగల మీదే నడిచేది.

మీటింగులకే చిక్కొచ్చింది. దానికి వరహాలు తన కూతురి పలక పట్టుకొచ్చాడు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు. మాట్లాడేవాడి నోటి మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఒక్క ముక్క జారిపోకూడదని ఎంత తాపత్రయమో అని కొండలరావు మురిసిపోయేవాడు. మొదట్లో వరహాలు పలక నిండా రాసేవాడు. రానురాను రాత తగ్గించేశాడు. కొండలరావు ఏమడిగినా ఒకటే జవాబు, 'నీకేటీ భయం లేదు బావా, నానున్నాను.' కొండలరావుకి ఆ ధైర్యం చాలు.

మర్నాడు బుద్ధిగా చెవుల్లో దూది పెట్టుకుని పనిలోకి వెళ్లాడు. ఆ చెవులకి దూదొకటి! అందరూ పకపకా నవ్వారు. ఏదో సరదా పడుతున్నారని అతనూ నవ్వాడు.

తర్వాతి వారం డాక్టరొచ్చాడు. ఒక్కొక్కణ్ణీ గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి పేరు పెట్టి పిలిచాడు. కొండలరావు గోడకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఎవరో భుజం తట్టేసరికి అంతా అయిపోయింది. రేపటి నుంచి పనిలోకి రావద్దని చీటీ రాసిచ్చారు.

మేస్త్రీ దొరబాబు కోపం పట్టలేకపోయాడు. సుద్దముక్క తీసి ఇనపరేకు మీద బరబరా రాశాడు.

'నీకు బుద్ధుందేటయ్యా? సెవులు పోయినోళ్లు సాయంత్రంలోగా పేరిత్తే స్టోర్సులో కూకోబెడతాం, దాసిపెట్టి దొరికితే ఇంటికేనని ఆవేల మేనేజరు గొంతు సించుకున్నాడు కదా! వరహాలు నీకు రాసేడు కదా!'

కొండలరావు చుట్టూ వెతికి చూశాడు.

"వాడేడి?"

'డాక్టర్ని గేటు కాడ సూడగానే కడుపునొప్పని ఇంటికెలిపోనాడు.'

కడుపునొప్పట! మొహం చూపించలేక పారిపోయాడన్నమాట. స్టోర్సు కిటికీలో, మొన్నటిదాకా తమతో రివిట్లు కొట్టిన తవిటయ్య కులాసాగా కూర్చుని కనిపించాడు. తవిటయ్యది పద్మనాభం ఊరు. వరహాలుదీ పద్మనాభమే. కొండలరావుకి అంతా తేటతెల్లమైంది. సొంతూరివాణ్ణి కుర్చీ ఎక్కించడానికి పరాయివాడి పిల్లల నోట్లో మట్టి కొట్టాడు! నమ్మించి గొంతు కోశాడు! దూది పెట్టుకోమన్నది గుర్తొచ్చి ఒళ్లంతా మండిపోయింది.

ఏ మొహం పెట్టుకుని తాయారుకి చెప్పాలి? ఇంటికి పోకుండా నేరుగా వరహాలు ఇంటికి నడిచాడు.

వరహాలు వాకిట్లో, వీధికి వీపు పెట్టి కూర్చుని నులకమంచం బిగిస్తున్నాడు.

"ఒరే వరహాలూ!" వీధిలోంచే కేకేశాడు కొండలరావు. "బావా బావా అంటూ నిలువునా ముంచేశావు కదరా! నీ పలకే నా చెవులనుకున్నాను. నా పిల్లలు నిన్ను మావయ్యా అని పిలిచారు కదరా! వాళ్లకేం చెప్పమంటావు?"

తన గొంతు ఎంత పైకి లేచిందో అతనికి తెలియదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలొదిలేసి చూశారు. ఎదురింటివాళ్లు గుమ్మాల్లోకొచ్చారు. చూరు కింద కోళ్లు బెదిరి చెల్లాచెదురయ్యాయి.

వరహాలు మాత్రం తలెత్తలేదు. తాపీగా నులక లాగుతూనే ఉన్నాడు.

ఎంత పొగరు! కొండలరావు ఒక్క అంగలో వెళ్లి భుజం పట్టుకుని గుంజాడు. వరహాలు ఉలిక్కిపడి తిరిగాడు. బావని చూడగానే మొహం వికసించింది. ఆ నవ్వు చూసి కొండలరావుకి కడుపు రగిలిపోయింది. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాడు. తిట్టీ తిట్టీ ఏడ్చాడు.

"ఎందుకు చేశావురా? చెప్పు!"

వరహాలు రెప్ప వేయకుండా అతని నోటికేసే చూశాడు. చూసి చూసి, మెల్లగా అతని నవ్వు మాయమైంది. కళ్లు నీళ్లతో నిండాయి.

లోపలికెళ్లి పలక తెచ్చి, తడిచేత్తో శుభ్రంగా తుడిచి, బలపం కొండలరావు చేతిలో పెట్టి, తన రెండు చెవులూ చూపించి, లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి, రాయమని సైగ చేశాడు.