నడుం దించకు

"కదలకు ఆలిస్! ముక్కకు!" కాన్పు చెయ్యడానికి వచ్చిన నర్సు జ్ఞానరత్నం సిస్టర్ అరిచింది.

ఉమ్మనీరు ఒక్కసారిగా పోయింది. దాని వెంటే, బిడ్డ తల కంటే ముందు, బొడ్డుతాడు జారి సిస్టర్ చేతిలోకి వచ్చేసింది. వేళ్ల కింద వెచ్చగా, గబగబా కొట్టుకుంటోంది. తల కిందికి దిగి ఆ తాడును నొక్కిందంటే బిడ్డ దక్కదు. సిస్టర్ రెండు వేళ్లతో తలను లోపలికి నెట్టి పట్టుకుంది. ఆపరేషన్ బల్ల చేరేదాకా ఇక ఆ చెయ్యి తియ్యడానికి లేదు.

"నీ-చెస్ట్ పొజిషన్! తిరుగు, తొందరగా!"

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఆ మాట ఎవరికి తెలుసు? ఆలిస్ బిత్తరపోయి చూసింది.

"గచ్చు తుడుస్తావు కదే, అలాగ. మోకాళ్ల మీద వంగి గుండె మంచానికి ఆనించు. తల కిందకి, నడుం పైకి. ఆఁ, అలాగే. నడుం దించకు."

ఆలిస్ మొగుడు తీతు వీధిలోంచి వ్యాన్ రిక్షా పట్టుకొచ్చాడు. ఇరుగుపొరుగు మగవాళ్లు సాయం పట్టి ఆమెను ఉన్నదున్నట్టే ఎత్తి చెక్కబల్ల మీద పెట్టారు. పైన దుప్పటి కప్పారు. సిస్టర్ ఆమె వెనకే మోకాళ్ల మీద కూర్చుంది, చెయ్యి దుప్పటి కింద.

"కొట్టుకుంతందా సిస్టరమ్మా?" బల్లకు ఆనిన మొహంతోనే ఆలిస్ అడిగింది.

"కొట్టుకుంతంది. గుర్రం పరిగెట్టినట్టు ఉన్నాది." సిస్టర్ బెంగాలీ రిక్షా అతని వైపు తిరిగి నెమ్మదిగా తొక్కమంది. "ఆస్తే దాదా, ఆస్తే."

ఆసుపత్రి దారిలో రైలు గేటు పడి ఉంది. అవతల గూడ్సు నిలబడిపోయింది. ఎటు చూసినా దాని చివర కనిపించలేదు.

తీతు గేట్‌మన్ మీద పడ్డాడు. "తియ్యి నూకయ్యా! తియ్యి!"

"గేటు తీస్తే ఏటవుద్ది? బండిని ఎత్తి పక్కన పెడతావా? సిగ్నల్ ఇవ్వలేదు బాబూ. ఫోన్ సేసినాను, మళ్లీ సేస్తాను." నూకయ్య దుప్పటి వైపు ఒకసారి చూసి గేటు గదిలోకి పరిగెత్తాడు.

తీతు వర్క్‌షాపులో ఫిట్టరు. పాడైన వ్యాగన్లను బాగుచేసి పట్టాల మీదికి పంపడమే అతని పని. ఇప్పుడు ఎదురుగా ఉన్న వ్యాగన్‌ను రెండు చేతులతో నెడుతూ నిలబడ్డాడు. కాసేపటికి వెనక్కి వచ్చాడు.

"రెండు వ్యాగన్ల మధ్య కప్లింగు కింద నుంచి దాటించీద్దాం సిస్టరమ్మా. నేను ఎత్తుతాను."

"ఎలాగెత్తుతావు? నడుం దిగితే బిడ్డ తల దిగిపోద్ది. నా సెయ్యి జారితే అంతే."

"మరేటి సెయ్యను?"

"నువ్వు దూరి ఎల్లు. థియేటర్ తెరిపించు."

తీతు వ్యాగన్ కింద దూరి అటువైపు మాయమయ్యాడు.

నొప్పి వచ్చింది. బిడ్డ తల రాయిలా సిస్టర్ వేళ్లను నొక్కింది. ఆలిస్ దుప్పటి కొస కొరికి పట్టింది గాని నడుం దించలేదు.

"కొట్టుకుంతందా?"

"ఉన్నాది."

మళ్లీ నొప్పి. ఈసారి తాడులో దెబ్బలు నెమ్మదించాయి. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. తరవాత లేదు. సిస్టర్ వేలు జరిపి చూసింది. తలను ఇంకాస్త పైకి నెట్టింది. ఇంకో దెబ్బ కోసం ఎదురుచూసింది. గూడ్సు ఎండలో అలాగే నిలబడి ఉంది.

"కొట్టుకుంతందా సిస్టరమ్మా?"

సిస్టర్‌కి ఆమె మొహం కనిపించదు. మసి అంటిన అరికాళ్లు కనిపిస్తున్నాయి.

"ఉన్నాది" అంది సిస్టర్.

ఒక్క కుదుపుతో గూడ్సు కదిలింది. వ్యాగన్ తరవాత వ్యాగన్ తీరిగ్గా దాటిపోయాక గేటు లేచింది. రిక్షా పట్టాల మీద ఎగిరెగిరి పడుతూ దాటింది. ఆలిస్ దారి పొడుగునా అడుగుతూనే ఉంది. బజారు మలుపులో అడిగింది. ఆసుపత్రి గోడ పక్కన అడిగింది. అడిగినప్పుడల్లా సిస్టర్ ఉన్నాదనే చెప్పింది. భుజం దాకా చెయ్యి మొద్దుబారిపోయింది. అయినా తియ్యలేదు.

మెట్ల దగ్గర తీతు, డాక్టరమ్మ ట్రాలీతో సిద్ధంగా ఉన్నారు. డాక్టరమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసింది. బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం పొట్టకు ఆనించి విన్నది. చోటు మార్చి మళ్లీ విన్నది. సిస్టర్ కళ్లలోకి చూసి మెల్లగా అంది.

"సుపైన్ చెయ్యండి."

వెల్లకిలా పడుకోబెట్టమని. ఇక నడుం ఎత్తి ఉంచే పని లేదని.

"ఏటన్నారు? ఆపరేషనేనా?" తీతు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. డాక్టరమ్మ అతని భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

సిస్టర్ చెయ్యి బయటికి తీసుకుంది. ఆలిస్‌ను వెల్లకిలా తిప్పింది. క్వార్టర్ దాటిన తరవాత ఆ మొహం చూడడం ఇదే మొదటిసారి. చెంప మీద చెక్క చారలు అచ్చుపడి ఉన్నాయి. చెప్పాలి.

"ఆలిస్... గేటు కాడ..."

ఆలిస్ ఆమె కొయ్యబారిన వేళ్లను పట్టుకుంది.

"తెలుసు సిస్టరమ్మా. గేటు కాడే బిడ్డ ఒక్కసారి గట్టిగా తన్నీసి ఊరుకున్నాది. మీ నోట ఉన్నాదన్న మాట ఇనాలనిపించి అడుగుతా వచ్చినాను."