కృతజ్ఞతార్పణ కవరు

2003లో ఒక ఆదివారం ఉదయం. ఇడ్లీలు దించి, బైబిలు సంచిలో పెట్టుకుని, ఎప్పటిలాగే టెక్కలిలోని మా చర్చికి వెళ్లాను. వెనక బల్ల మీద పలాస జీడిపప్పు వ్యాపారి కూర్మనాథం కనిపించాడు. ఆయన హిందువు.

అంతకు వారం ముందే నా జీడితోట అమ్మి, మా తమ్ముడు సొలొమోను ఆయనకు పడ్డ బాకీ తీర్చాను. నా బాకీ ప్రభువు మోశాడు, తమ్ముడిది నేను మోయకూడదా అనుకున్నాను. వాడి పరువు పోకూడదని, "దేవుడికి తప్ప ఎవరికీ సెప్పకు బాబూ" అని ఆయన్ని బతిమాలాను.

"ఏటి బాబూ, ఇలగొచ్చినావు?" అని అడిగాను.

"దేవుడికి సెప్పమన్నారు కదమ్మా. మీ దేవుడు ఇక్కడే కదా ఉంటాడు."

మా చర్చిలో దేవుడికి కృతజ్ఞతగా డబ్బు పెట్టి వేసే కృతజ్ఞతార్పణ కవర్ల మీద రాసింది పైకి చదివేది సంఘ కార్యదర్శి, అంటే మా తమ్ముడే. ఆ రోజు కూర్మనాథం వేసిన కవరూ వాడి చేతికొచ్చింది. "అక్కగారు తోట అమ్మి తీర్చిన అప్పు ముట్టినందుకు నూటపదహార్లు. అప్పు సొలొమోను గారిది" అని చదివి ఆగిపోయాడు. అప్పటికే సంఘమంతా ఆమెన్ అంది.

సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. "నా పరువు తీసీసినావక్కా" అన్నాడు తమ్ముడు. చాలాసేపు ప్రార్థన చేసి, నన్ను క్షమించాలని తీర్మానించారు. అందరితోపాటు నేనూ చెయ్యెత్తాను.