బరాత్ పాటకు రెండు సాఫ్ట్‌వేర్లు

డీజే నర్సింలు ఏ సరుకునూ వాడి చూడకుండా కొనేవాడు కాదు. పాటలు కట్టే సాఫ్ట్‌వేర్లు రెండింటికీ ఉచిత గడువు ఆ రాత్రితో తీరిపోతుంది. ఒకటి చవక, రెండోదాంట్లో పని తొందరగా తెములుతుంది. మర్నాడు తమ్ముడి పెళ్లి ఊరేగింపు, బరాత్. నంగునూరులో డప్పు ఐలయ్యతో కొట్టించి, రికార్డు చేసి తెచ్చిన పెళ్లి దరువుకు రెండింటిలోనూ బీట్ కట్టి చూద్దామని సిద్దిపేటలో తన దుకాణంలో ఒంటరిగా కూర్చున్నాడు.

మొదటిదాంట్లో మూడో నిమిషానికి డప్పు నడక మందగించి, చావు దరువుగా మారి, టక్కున ఆగింది. చవక సరుకు అనుకుని మూసేశాడు. రెండోదాంట్లోనూ అక్కడే మారి, అక్కడే ఆగింది. లోపం సరుకుది కాదు. ఐలయ్యకు ఫోన్ చేశాడు.

"కాకా, పెండ్లి దరువుల సావు దరువు కలిపినవేంది? తాగి కొట్టినవా?"

"నువ్విచ్చిన పైసలకు సీసా మూత గూడ రాదు. నేనైతే పెండ్లి దరువే కొట్టిన బిడ్డా. సావు డప్పు నడుమ ఆగిందంటే పాడె దించినట్టే. దింపుడుకళ్లం కాడ పీనుగ చెవుల మూడుసార్లు పేరు పిలుస్తరు గదా. ఎవల పేరు పిలిచిన్రు?"

నర్సింలు తెర వైపు చూశాడు. డప్పు ఆగాక శబ్దం గీత చాలా దూరం చదునుగా సాగి, చివర మూడుచోట్ల చిన్నగా లేచింది. అంతదాకా అతను వినలేదు.

ఇంట్లో తమ్ముడు పసుపు బట్టలతో నిద్రపోతున్నాడు. ఆ పేరు తెలుసుకుంటే నష్టమెంతో, తెలుసుకోకపోతే ఎంతో నర్సింలుకు తేలలేదు. ఫోన్ పెట్టేసి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, డప్పు ఆగినచోటి నుంచి నడిపించి, సౌండ్ పెంచాడు.

చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత చెవికి మరీ దగ్గరగా, పిలవడానికి ఎవరో ఊపిరి తీసుకున్నారు.