చేపల పులుసు కోత

నూకరత్నం ఇంట్లో పొయ్యి తానే సరుకు తెప్పించుకుని, ఖాతాలో పడిన కూలిని బట్టి దానంతటదే వండుతుంది. శనివారం కూలి పడగానే చేపల పులుసు, మిగతా రోజుల్లో పప్పుచారు. ఉప్పాడలో అందరి పొయ్యిలూ అంతే.

ఆమె పనిచేసే, సముద్రం మీద సోలార్ పలకలు కడిగించే కంపెనీ ఈమధ్య వారం కూలి మానేసి నెల జీతం మొదలుపెట్టింది. అప్పటినుంచి శనివారం వస్తే పొయ్యిది ఒకటే పాట: "జీతం పడలేదమ్మా, పప్పుచారే."

నెలాఖరుకి జీతం పడింది. పీఎఫ్, బీమా, క్యాంటీను కోతలు ఎప్పుడూ లేనంత ఉన్నాయని ఆమె రెండుసార్లు లెక్కేసుకుంది. పొయ్యి మాత్రం హుషారుగా నెల చేపలన్నీ ఒక్కపూటే వండి కూర్చుంది.

మర్నాడు నూకరత్నం జీతాల గుమాస్తా సత్తిబాబు దగ్గరికెళ్లింది.

"కోతలు పెంచేశారేంటి బాబూ?"

"పెంచలేదు పిన్నీ. వారం వారం పోయేవే, ఇప్పుడన్నీ కలిసి ఒక్కసారే పోయాయి."

"మా పొయ్యీ అదే చేసింది," అంటూ ఆమె పులుసు గిన్నె బల్ల మీద పెట్టింది. "అయితే ఇంకో కోత పెట్టు. ఆ డబ్బులు శనివారం శనివారం మా పొయ్యికి పంపు."

సత్తిబాబు గిన్నె చూసి తల పట్టుకున్నాడు. "మా ఇంట్లోనూ బిందెడు పులుసుంది. ఉండు పిన్నీ, ముందు నా జీతంలో ఆ కోత పెట్టుకోనీ!"

మరుసటి నెల కోత ఇంకాస్త పెరిగింది, శనివారం శనివారం పొయ్యి మీద పులుసు ఉడికింది. కోత పెరిగినందుకు నూకరత్నం నవ్వుకోవడం, పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.