మద్రాసు పడవలో కాలక్షేపం

కాలువ మీద పడవ పులికాట్ దాటినా మద్రాసు ఇంకా దూరమే. పొద్దుపోక తోటి ప్రయాణికులు గాజుల సిలార్‌ను పట్టుకున్నారు.

“చచ్చిపోయిన మీ ఆడమనిషి మాదిరి మాట్లాడన్నా!”

సిలార్ గొంతు సన్నం చేసి, “న... న... నన్ను ఆస్పత్రికి తీసకపోండి” అని నత్తిగా పలికాడు. పడవంతా ఘొల్లుమంది. అతని రెండో పెళ్లాం, పెళ్లయి నెల తిరగని ఇమాంబీ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

“తీసకపోయినారా?” అని నవ్వుతూనే అడిగింది.

“యాడ తీసకపోయేది? దాని మాట పూర్తయ్యేలోపలే పాణం పోయె!”

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వినిపించాయి. ఇమాంబీ మాత్రం నవ్వలేకపోయింది.

“నువ్వూ ఏదన్నా చెప్పవే, పొద్దుపోతాది” అన్నాడు సిలార్.

ఇమాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన గొంతు ఇక ఈ మనిషి చెవిన పడకూడదనుకుంది.