వెనక బండి

"బ్రేకు వదిలేయమంటావా, బావా?"

వాకీటాకీలో ఆ గొంతు వినగానే ముందు బండి డ్రైవరు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. కొండ దిగుడు అప్పుడే మొదలైంది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. వెనక ట్రెయిలరు మీద ఇల్లంత ట్రాన్స్‌ఫార్మరు. దాని వెనక ఇనుప దండెతో బిగించిన రెండో బండి. అందులో అతని బావమరిది.

రెండూ పాత మిలిటరీ బండ్లు. యుద్ధంలో ట్యాంకులు మోసినవి. వేలంలో కొన్నవాడు పసుపు రంగు పూయించాడు గాని, పెచ్చు లేచినచోట ఇప్పటికీ ఆకుపచ్చే కనిపిస్తుంది. ముందు బండి తలుపు మీద తూటా సొట్టలు అలాగే ఉన్నాయి. కొండ ఎక్కేటప్పుడు ముందుది లాగాలి, వెనకది తొయ్యాలి. దిగేటప్పుడు వెనకది పట్టి ఆపాలి. అది వదిలేస్తే బరువంతా ముందు బండి వీపు మీదే.

"ఏం మాటలురా అవి?" అన్నాడు ముందు డ్రైవరు.

"అడుగుతున్నా. జవాబు చెప్పు."

చంకలో చెక్కదిమ్మ పెట్టుకుని పక్కనే నడుస్తున్న మేస్త్రి, తన సెట్‌లో ఆ మాటలు విని నవ్వాడు. "బావా బావమరుదుల సరసాలు కిందికి దిగాక పెట్టుకోండయ్యా. ఈ దిమ్మ అడ్డం వేస్తే ఎలక కూడా ఆగదు."

"నువ్వు ముందు మలుపు దగ్గర కార్లని ఆపు మేస్త్రీ," అన్నాడు బావమరిది.

మేస్త్రి సెట్ కట్టేసి నడుముకి తగిలించుకుని, ఈల ఊదుకుంటూ ముందుకి పరిగెత్తాడు.

"ఆ రోజు వంతెన మీద కూడా మనిద్దరమే కదా, బావా? అక్క నీకు ఫోన్ చేసింది. ఊపిరాడటం లేదంది. నువ్వేమన్నావు?"

ముందు డ్రైవరు గేరు తగ్గించాడు.

"నీ నోటితో చెప్పు."

"వంతెన దాటాక చూద్దామన్నాను."

"నీ వెనకే ఉన్నాను కదా నేను. నాకొక్క మాట చెప్పావా?"

"చెబితే నువ్వు ఆపేసేవాడివి. అంత బరువు వంతెన మీద నిలబెట్టకూడదురా."

"బండి ఆగకూడదు. అక్క గుండె ఆగొచ్చు. అంతేగా?"

"అలా అనకు."

"అక్క నీకు ఫోన్ చేసిందని పక్కింటావిడ చెబితే తెలిసింది నాకు. నువ్వు మాత్రం ఏమీ ఎరగనట్టు నా భుజం మీద పడి ఏడ్చావు. చొక్కా తడిసేలా ఏడ్చావు. ఆ చొక్కా ఇంకా ఉతకలేదు బావా."

మలుపు వచ్చింది. ఆ వంపులో ముందు డ్రైవరుకి అద్దంలో వెనక బండి మొత్తం కనిపించింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బావమరిది ఒక కాలు బయట మెట్టు మీద పెట్టి ఉన్నాడు. దూకడానికి సిద్ధంగా.

అంతలో వీపు మీద గుద్దినట్టయింది. వెనక పట్టు సడలింది. ముందు బండి ఒక్కసారి ఉరికింది. అతను బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. కాలిన వాసన క్యాబిన్‌లోకి కొట్టింది. లోయ వైపు గోడ దగ్గరికొచ్చేసింది.

"పొగ! పొగ వస్తోంది!" దూరం నుంచి మేస్త్రి అరిచాడు.

"తమ్ముడూ..." అన్నాడు ముందు డ్రైవరు.

"ఇప్పుడు తమ్ముణ్ణయ్యానా?"

మళ్లీ ఒక గుద్దు. ముందు చక్రం కంకర మీద జారి, గోడని రాసుకుంటూ పోయింది. గోడ రాయి ఒకటి ఊడి లోయలో పడింది. అది కింద తగిలిన చప్పుడు ఎంతకీ వినిపించలేదు.

అప్పుడు ముందు డ్రైవరు ముఖం తుడుచుకున్నాడు.

"వదిలెయ్యరా," అన్నాడు.

"ఏంటి?"

"వదిలెయ్యమంటున్నా. పొద్దున లేచి ఇద్దరికి టీ పెడుతున్నాను. పెట్టాక గుర్తొస్తోంది. నా వల్ల కావడం లేదు. నువ్వు వదలకపోతే నేనే వదులుతా."

నిజంగానే బ్రేకు మీద నుంచి కాలు తీసేశాడు. కళ్లు మూసుకున్నాడు.

బండి జర్రున జారింది. గాలి చెవుల్లో ఈల వేసింది. తర్వాత వెనక నుంచి ఇంజను గావుకేక పెట్టింది. ఇనుప దండె కీచుమని, ట్రాన్స్‌ఫార్మరు ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, మొత్తం బరువు వెనక్కి లాక్కున్నట్టు నెమ్మదించింది. ముందు డ్రైవరు కళ్లు తెరిచాడు. రోడ్డు మధ్యలో ఉన్నాడు. బండి చీమలా నడుస్తోంది.

అక్కడి నుంచి కింద మైదానం దాకా వెనక బండి పట్టు ఒక్క క్షణం కూడా సడలలేదు.

కిందికి దిగి ఆగగానే మేస్త్రి ఆయాసపడుతూ వచ్చాడు. "భలే పట్టావయ్యా! ఈ ముసలి బండి గొంతులో ఇంకా అంత సత్తువ ఉందనుకోలేదు."

బావమరిది బండి దిగాడు. బ్రేకు మీట లాగిలాగి అరచేతులు బొబ్బలెక్కాయి. వాటి మీద నీళ్లు పోసుకుంటున్నాడు.

ముందు డ్రైవరు తూలుకుంటూ అతని దగ్గరికి వెళ్లాడు. కళ్లు నిండిపోయాయి. చేతులు రెండూ జోడించాడు.

"చేతిలోకొచ్చిన వాణ్ణి ప్రాణాలతో వదిలేశావు. క్షమించావురా నన్ను. మీ అక్క మనసే నీదీ."

బావమరిది సీసా మూత బిగించాడు. తల తిప్పి అతని వైపు చూశాడు.

"క్షమించడమా? చస్తే తిన్నగా అక్క దగ్గరికే పోతావు బావా. నిన్ను అక్కడికి పంపుతానా?"