ఇంజన్ ఆపకండి

వీధి చివరిదాకా కారు నడిపి చూసి, గేటు ముందు నిలబెట్టి, ఫొటోగ్రాఫర్ తాళం మీద చెయ్యి వేశాడు. పక్క సీట్లో ఉన్న కారు యజమాని, మందుల షాపాయన, గబుక్కున అడ్డం పడ్డాడు.

"ఆపకండి. ఆ చప్పుడు కాసేపు వినండి. ఎంత మెత్తగా ఉందో మీకే తెలుస్తుంది," అన్నాడు.

ఫొటోగ్రాఫర్ బుద్ధిగా చెయ్యి తీసేశాడు. ఇంజన్ ఆగితే బేరం కూడా ఆగిపోతుందని మందుల షాపాయనకి ఒక్కడికే తెలుసు. పక్కింటి కారు బ్యాటరీ నుంచి కేబుళ్ళతో కరెంటు అరువు తెచ్చుకుంటే తప్ప ఆ కారు కదిలేది కాదు.

కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి ముఖం చూసి జబ్బేమిటో చెప్పే ఘనుడాయన. సొంత కారుకి ఇంకొకరు చెప్పడమేమిటని వైద్యం తానే మొదలుపెట్టాడు. బ్యాటరీ అన్నాడు, మార్పించాడు. డైనమో అన్నాడు, అదీ మార్పించాడు. స్టార్టర్ అన్నాడు, అదీ అయిపోయింది. కారు మాత్రం పొద్దున్నే టిక్కుమని ఊరుకునేది. పక్కింటాయన ఈయన చేతిలో కేబుళ్ళు కనబడితే చాలు, లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాడు. చివరికి భార్య తేల్చి చెప్పేసింది, ఈ ఇంట్లో ఆ కారైనా ఉండాలి, తానైనా ఉండాలని. కారుకి కారు మార్చుకుందామని ఫొటోగ్రాఫర్ రావడం ఆయనకి దేవుడు పంపినట్టే అనిపించింది.

ఫొటోగ్రాఫర్ కారు ఎదురుగానే ఉంది. వెనక సీట్లో వాళ్ళమ్మ కూర్చుని ఉంది, ఏసీ నడుస్తోంది.

"గాలాడకపోతే అమ్మకి ఆయాసమండీ. అందుకే ఆపలేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

మందుల షాపాయన వెంటనే ఆవిడ కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని తేల్చి, మాత్రలు రాసిచ్చాడు. అదే ఊపులో కారుని కూడా పరీక్షించాడు. నుదురు చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. చెవి ఆనించి విన్నాడు. టైర్లు నొక్కాడు, పొగ వాసన పీల్చాడు. ఎక్కడా వంక దొరకలేదు. ఒక్కసారి ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి చూపించమని అడగాలనిపించింది గానీ, అడిగితే ఫొటోగ్రాఫర్ కూడా అదే అడుగుతాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

కాగితాలు బానెట్ మీదే పెట్టి సంతకాలు చేశారు. కింద ఇంజన్ అదురుతుంటే అక్షరాలు వంకర్లు పోయాయి. తన సంతకం వంకర పోయింది తప్పు చేస్తున్నందుకేనేమోనని ఆయనకి కాస్త సిగ్గేసింది. పెద్దావిడ చకచకా దిగి మందుల షాపాయన కారులో కూర్చుంది. ఇంటికి వెళ్ళేదాకా దారిలో ఎక్కడా ఆగవద్దని మందుల షాపాయన జాగ్రత్తలు చెప్పి చెయ్యి ఊపాడు.

"పాపం, అమాయకుడు," అన్నాడు భార్యతో. "మనసొప్పక మన కేబుళ్ళు ఆ పాత కారు డిక్కీలోనే, మ్యాట్ కింద వదిలేశాను. రేపు పొద్దున అవసరపడతాయి కదా."

"మీ మనసు వెన్న," అంది భార్య. ఆయన కొత్త కారుని లోపల పెట్టి, చాన్నాళ్ళ తర్వాత ధైర్యంగా ఇంజన్ ఆపేశాడు.

పొద్దున్నే ఇద్దరూ తయారై కారెక్కారు. తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పాడు. టిక్కుమంది. ఆ చప్పుడు ఆయన ఎక్కడైనా గుర్తుపట్టగలడు.

భార్య నింపాదిగా దిగింది. "రోగమేమిటో చెప్పండి డాక్టరుగారూ," అని బ్యాగు భుజాన వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

మందుల షాపాయన తల వంచుకుని పక్కింటి గేటు కొట్టాడు. పక్కింటాయన ఎలాగో తలుపు సందులోంచి ఒప్పుకున్నాడు గానీ, కేబుళ్ళు మీరే తెచ్చుకోండి అన్నాడు. అవి ఎక్కడున్నాయో గుర్తొచ్చి ఈయనకి ఏడుపొక్కటే తక్కువ. తాడో తీగో ఏదైనా దొరకకపోతుందా అని కొత్త కారు డిక్కీ తెరిచి మ్యాట్ ఎత్తాడు.

కింద కేబుళ్ళు పొందిగ్గా చుట్టిపెట్టి ఉన్నాయి, తనవాటికంటే బాగా అరిగిపోయి.